పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు మెడ వైద్యం, కైరోప్రాక్టిక్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో ఫిజియోథెరపీ చేస్తాను. క్లినిక్‌కి వచ్చేవాళ్లలోనూ, ఇళ్లకు వెళ్లి చూసేవాళ్లలోనూ పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లు బాగానే ఉంటారు. ఈ మధ్య వాళ్ల పిల్లలు ఫోన్ తీసి ఒక వీడియో చూపించడం మామూలైపోయింది. ఒకాయన బల్ల మీద పడుకుని ఉంటాడు, ఇంకొకాయన మెడ పట్టుకుని టక్కున తిప్పుతాడు, లేచి నడిచేసరికి చేతి వణుకు తగ్గిపోయి ఉంటుంది. "మా నాయన్ని కూడా బెంగళూరు పిల్చుకుపోయి ఇది చేయిద్దామా?" అని అడుగుతారు. కర్నూలు, కడప నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి కాబట్టి అందరూ అడిగేవన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. మెడ బిగుతుకి, మెడ నొప్పికి చేసే వైద్యం ఉంది, దానివల్ల మనిషికి సుఖం ఉంటుంది, నేను రోజూ చేసే పనే అది. కానీ మెడ సరిచేస్తే పార్కిన్సన్స్ తగ్గుతుందనే మాటకి ఆధారం లేదు. ఈ రెంటినీ కలిపేసి చెప్పేవాళ్ల దగ్గరే జాగ్రత్త పడాలి.

కైరోప్రాక్టిక్ అంటే ఏంటి? అది డాక్టర్ వైద్యమేనా?

1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ ఊళ్లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి. వెన్నుపూసలు కొంచెం పక్కకి జరగడం వల్ల నరాల పని దెబ్బతిని రోగాలు వస్తాయని, వాటిని చేత్తో సరిచేస్తే శరీరం తనంతట తనే బాగుపడుతుందని ఆయన సిద్ధాంతం. ఆయన కొడుకు బి.జె. పామర్ 1930ల నాటికి ఇంకా ముందుకెళ్లి, అన్నిటికీ మూలం మెడలో అన్నిటికంటే పైన ఉండే ఎముక దగ్గరే ఉందన్నాడు. తలను మోసే ఆ ఎముక పేరు అట్లాస్. ఇవాళ పార్కిన్సన్స్‌కి మెడ వైద్యం అని చెప్పేవాళ్లలో చాలామంది ఆ దారిలో వచ్చినవాళ్లే.

అమెరికాలో దీనికి ప్రత్యేకంగా కాలేజీలు, లైసెన్సులు ఉన్నాయి. నడుం నొప్పికి కొంతవరకు పనిచేస్తుందని అధ్యయనాలూ ఉన్నాయి, అది నేను కాదనను. మన దేశంలో మాత్రం డాక్టర్లకు మెడికల్ కమిషన్ ఉన్నట్టు కైరోప్రాక్టర్లకు ఒక కౌన్సిల్ లేదు. అమెరికాలో చదివి వచ్చిన మనిషీ, నాలుగు రోజుల కోర్సు చేసిన మనిషీ ఒకే బోర్డు పెట్టుకోవచ్చు, మనకి తేడా తెలియదు.

ఆ టక్‌మనే శబ్దం గురించి కూడా చెప్పాలి, చాలామంది దాన్ని విని ఎముక స్థానంలో కూర్చుందనుకుంటారు. కీలులో ఉండే ద్రవంలో పీడనం తగ్గినప్పుడు గాలి బుడగ ఏర్పడి వచ్చే శబ్దం అది. వేళ్ల మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే.

మెడకీ పార్కిన్సన్స్‌కీ సంబంధం ఉందని వాళ్లు ఎలా చెప్తారు?

వాళ్లు చెప్పేది వినడానికి సబబుగానే ఉంటుంది. అట్లాస్ ఎముక మధ్యలోంచే మెదడు కింది భాగం వెన్నుపాముగా దిగుతుంది, ఆ ఎముక పక్కకి జరిగితే నరాలు నలుగుతాయి, రక్తం, మెదడు చుట్టూ ఉండే నీరు సరిగా పారవు, అందుకే వణుకు, బిగుతు వస్తాయి అంటారు. చాలాసార్లు ఎప్పుడో బండి మీద నుంచి పడిన దెబ్బనీ దీనికి కలుపుతారు.

ఇప్పుడు పార్కిన్సన్స్‌లో నిజంగా ఏం జరుగుతుందో చూడండి. మెదడు మధ్యభాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట, కదలికల్ని అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఉంటాయి. అవి మెల్లమెల్లగా చచ్చిపోతాయి. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ ఆ కణాల్లో ముద్దలుగా పేరుకుని కనిపిస్తుంది. చెయ్యి వణకడం మొదలయ్యేసరికే దాదాపు సగం కణాలు, కొందరిలో అంతకంటే ఎక్కువే పోయి ఉంటాయి. ఈ చోటు పుర్రె లోపల, అట్లాస్ ఎముకకు బాగా పైన ఉంటుంది. మెడ ఎముక జరగడం వల్ల ఈ కణాలు చస్తాయని గానీ, మెడ తిప్పితే చచ్చిన కణాలు తిరిగి వస్తాయని గానీ ఎవరూ నిరూపించలేదు.

తలకి గట్టి దెబ్బలు తగిలినవాళ్లలో తర్వాతి రోజుల్లో పార్కిన్సన్స్ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువని అధ్యయనాలు చెప్తున్న మాట నిజమే. అది మెదడుకి తగిలిన దెబ్బ సంగతి. దాన్ని మెడ ఎముక జరగడానికి ముడిపెట్టడం వాళ్లు చేసిన పని.

మరి చాలామందికి తగ్గిందని పేపర్లు కూడా ఉన్నాయంటున్నారే?

ఉన్నాయి, వాళ్లు చూపించేదాన్నే తీసుకుందాం. 2004లో అమెరికాలో ఒక కైరోప్రాక్టర్ తన దగ్గర చూపించుకున్న 81 మంది వివరాలు ప్రచురించారు, అందులో 37 మంది పార్కిన్సన్స్ వాళ్లు, మిగతావాళ్లు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే ఇంకో నరాల జబ్బు ఉన్నవాళ్లు. పదిలో తొమ్మిది మందికి పైగా మెరుగయ్యారని రాశారు. చూస్తే గొప్పగా ఉంటుంది. కానీ పోల్చి చూడటానికి ఆ వైద్యం చేయించుకోని గుంపు లేదు. వైద్యం చేసిన మనిషే తన పాత రికార్డులు తిరగేసి రాసింది అది.

పార్కిన్సన్స్‌లో పోలిక గుంపు లేకపోతే ఫలితాన్ని నమ్మడం ఎందుకు కష్టమో చెప్తాను, ఈ జబ్బు తీరే అలాంటిది. ఈ జబ్బులో ఉత్త నమ్మకం కూడా కొంతసేపు నిజంగానే పనిచేస్తుంది. 2001లో కెనడాలోని వాంకూవర్‌లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు మందేమీ లేని ఇంజెక్షన్ ఇచ్చి మెదడు స్కాన్ తీస్తే, మందు పడుతోందన్న ఆశతోనే వాళ్ల మెదడులో డోపమైన్ విడుదలైంది. అంటే నాయన "చెయ్యి తేలిగ్గా ఉంది" అన్నప్పుడు అబద్ధం చెప్పడం లేదు, ఆయనకి నిజంగానే తేలిగ్గా ఉంది. ఆ తేలిక నిలవదు, అంతే.

ఇంకోటి, పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా మాత్ర ప్రభావం. మాత్ర వేసుకున్న ముప్పావుగంట, గంటకి మనిషి బాగుంటాడు, ప్రభావం దిగిపోతే బిగుసుకుపోతాడు. పొద్దున మాత్ర వేసుకోకముందు ఒక వీడియో, మాత్ర పనిచేసే వేళకి ఇంకో వీడియో మీరే ఇంట్లో తీసి చూడండి, మధ్యలో మెడ ఎవరూ ముట్టుకోకపోయినా రెండింటికీ ఎంత తేడా ఉంటుందో. టెన్షన్ పడితే వణుకు పెరుగుతుంది, పడుకుని ప్రశాంతంగా ఉంటే తగ్గుతుంది. క్లినిక్‌లోకి అడుగుపెట్టినప్పుడు ఉన్న వణుకు, అరగంట బల్ల మీద పడుకున్నాక ఎలా ఉంటుందో ఆలోచించండి.

సరిగా చేసిన పరిశోధన ఎలా ఉంటుందంటే, 2012లో అమెరికాలో 195 మంది పార్కిన్సన్స్ వాళ్లని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి తాయ్ చీ (నిదానంగా చేసే చైనా వ్యాయామం), ఒక గుంపుకి బరువులతో వ్యాయామం, ఇంకో గుంపుకి సాగదీసే వ్యాయామాలు చేయించి పోల్చారు. తాయ్ చీ చేసినవాళ్లకి నిలకడ బాగా మెరుగైంది, సాగదీసే గుంపు కంటే పడిపోవడాలూ తగ్గాయి. మెడ సరిచేయడం గురించి ఇలాంటిది ఎవరైనా చూపిస్తే నా మాట మార్చుకుంటాను.

మా నాయనకి ఎక్స్‌రేలో మెడ అరిగిందన్నారు. వణుకు దానివల్లే అయ్యుంటుంది కదా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది పొరపడేదీ ఇక్కడే. అరవై దాటినవాళ్లకి మెడ ఎక్స్‌రే తీయండి, దాదాపు అందరిలోనూ అరుగుదల కనిపిస్తుంది. ఏ నొప్పీ లేనివాళ్లకి కూడా కనిపిస్తుంది. జుట్టు నెరవడం లాంటిదే అది. ఆ రిపోర్టు చేతికి రాగానే ఇంట్లో అందరూ "మెడ నరం నొక్కుకుంది, అందుకే చెయ్యి వణుకుతోంది" అని తీర్మానం చేసేస్తారు, అసలు జబ్బు కనిపెట్టడం ఏళ్లకేళ్లు ఆలస్యమవుతుంది.

ధర్మవరం వైపు నుంచి ఒక నేతాయన వచ్చేవారు. జీవితమంతా గుంట మగ్గంలో తల వంచుకుని కూర్చున్న మనిషి కాబట్టి మెడ నొప్పి ఉండటంలో ఆశ్చర్యం లేదు, ఎక్స్‌రేలో అరుగుదలా ఉంది. మెడకి పట్టీ వేసుకున్నారు, నూనెలు రాయించుకున్నారు. నేను ఆయన్ని క్లినిక్ వరండాలో కొంచెం దూరం నడవమన్నాను. ఎడమ చెయ్యి ఊగుతోంది, కుడి చెయ్యి మోచేతి దగ్గర కొద్దిగా మడిచి పొట్టకి అంటుకుని ఉండిపోయింది. తిరిగి రమ్మంటే ఒక్కసారిగా మళ్లలేక చిన్న చిన్న అడుగులు వేసి తిరిగారు. కుర్చీలో కూర్చుని చెయ్యి ఒళ్లో పెట్టుకోగానే బొటనవేలు, చూపుడువేలు ఒకదాని మీద ఒకటి దొర్లడం మొదలైంది, గ్లాసు అందుకోబోతే ఆగిపోయింది. పేరు రాయమంటే మొదటి అక్షరం పెద్దగా, చివరికొచ్చేసరికి చీమంత. నాడె విసిరే చెయ్యి వెనకబడుతోందని ఆయనకి అంతకుముందు నుంచే అనుమానం ఉందట, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. మెడ నరం నొక్కుకుంటే ఇవి రావు. నరాల డాక్టర్ దగ్గరికి పంపితే పార్కిన్సన్సే అన్నారు.

మీరు ఇంట్లో గమనించాల్సినవి ఇలాంటివే: వణుకు చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు వస్తుందా, ఒక పక్కనే మొదలైందా, మనిషి అన్నిట్లో నిదానించాడా, ముఖంలో భావం తగ్గిందా, బ్యాంకులో సంతకం కలవడం లేదంటున్నారా. వణుకుకి ఎన్నో ఏళ్ల ముందే మలబద్ధకం, వాసన తెలియకపోవడం, నిద్రలో అరవడం, చేతులు కాళ్లు విసరడం కూడా ఉండొచ్చు, ఇంట్లో ఆడవాళ్లని అడిగితే చెప్తారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మెడలో వెన్నుపాము నిజంగానే నొక్కుకుపోతే రెండు చేతుల్లో తిమ్మిరి, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, కాళ్లు కర్రల్లా బిగిసి నడక తడబడటం, ఒంటేలు ఆపుకోలేకపోవడం వస్తాయి. ఇవి ఉంటే ఎంఆర్ఐ తీయించి సర్జన్‌కి చూపించాలి, అలాంటి మెడని తిప్పించడం చాలా ప్రమాదం. రెండు జబ్బులూ ఒకే మనిషికి ఉండే అవకాశమూ ఉంది.

గ్యాస్ మాత్రల వల్ల కూడా వణుకు వస్తుందంటారు, నిజమా?

నిజం. మెడ గురించి ఆలోచించే ముందు మాత్రల డబ్బా తీసి చూడండి. గ్యాస్‌కి, వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్, గ్యాస్ క్యాప్సూల్స్‌లో కలిపి వచ్చే లెవోసల్పిరైడ్, తల తిరుగుడికి వాడే సిన్నారిజిన్, ఫ్లునారిజిన్, మానసిక సమస్యలకి ఇచ్చే హాలోపెరిడాల్, ఇవన్నీ డోపమైన్‌ని అడ్డుకుని అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే తెప్పిస్తాయి. మన దగ్గర గ్యాస్ మాత్ర ఒకసారి రాస్తే మెడికల్ షాపులో చీటీ చూపించి ఏళ్ల తరబడి కొనుక్కుంటూనే ఉంటారు. డాక్టర్‌తో చెప్పి ఆపిస్తే చాలామందికి కొన్ని వారాల్లో, కొందరికి నెలల్లో తగ్గిపోతుంది. ఉన్న పార్కిన్సన్స్ కూడా ఈ మందుల వల్ల ముదిరినట్టు కనిపిస్తుంది. మానసిక సమస్యకి వాడే మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టర్‌నే అడగండి.

పార్కిన్సన్స్‌లో మెడ ఎందుకు అంత బిగుసుకుపోతుంది?

డోపమైన్ తగ్గితే కండరాలు వదులవ్వడం మర్చిపోతాయి. మెడ, భుజాలు, నడుం ముందుగా పడతాయి. కొందరికి మొట్టమొదటి లక్షణం ఒక భుజం నొప్పి, దాన్ని భుజం పట్టేసిందని నెలలకొద్దీ వైద్యం చేస్తారు. తర్వాత తల ముందుకి వంగుతుంది, వీపు గూని కడుతుంది, కొందరికి గడ్డం ఛాతీకి ఆనేంతగా మెడ వాలిపోతుంది. ముందుకి వంగిన తలతో మింగడం కష్టం, మాట లోపలికి పోతుంది, కింద పడే అవకాశం పెరుగుతుంది. కాబట్టి మెడని పట్టించుకోవాలి, ఖచ్చితంగా పట్టించుకోవాలి. మెడ నొప్పి మాత్ర ప్రభావం దిగిపోయే వేళకే వస్తోందా అనేది రాసి పెట్టుకోండి. అలా అయితే ముందు మార్చాల్సింది మాత్ర వేళలు, అది డాక్టర్ ఐదు నిమిషాల్లో చేసే పని.

మెడ టక్కున తిప్పిస్తే ప్రమాదం ఏంటి? అంతమంది చేయించుకుంటున్నారు కదా?

మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ ఎముకల్లో ఉండే రంధ్రాల గుండా పైకి వెళ్లి, అట్లాస్ దగ్గర వంపు తిరిగి పుర్రెలోకి పోతాయి. మెడని వేగంగా మెలితిప్పినప్పుడు ఎక్కువ సాగేది ఆ వంపే. ధమని లోపలి పొర చిరిగితే అక్కడ రక్తం గడ్డకట్టి మెదడులోకి పోయి పక్షవాతం వస్తుంది. ఇది అరుదు, రోజూ జరిగేది కాదు. అయినా 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ సంబంధం గురించి ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చి, మెడ తిప్పించుకునే ముందు మనిషికి ఈ విషయం చెప్పాలని సూచించింది. మెడ తిప్పే ముందు ఈ మాట చెప్పేవాళ్లు మన దగ్గర ఎంతమంది?

పార్కిన్సన్స్ పెద్దవాళ్లకి అదనపు కారణాలు ఉన్నాయి. వయసు వల్ల, కదలిక తగ్గడం వల్ల, ఎండ తగలకపోవడం వల్ల ఎముకలు గుల్లబారి ఉంటాయి. బిగుసుకున్న కండరం మీద బలంగా తిప్పితే కండరం ఎదురు తిరుగుతుంది. కూర్చుని లేస్తే బీపీ పడిపోవడం ఈ జబ్బులో మామూలే, బల్ల మీద నుంచి చటుక్కున లేపితే కళ్లు తిరిగి పడతారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి ఇంకా ప్రమాదం.

అన్నట్టు, ఇదంతా చదివి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లకుండా, క్షవరం చేయించుకునే చోట మెడ విరిపించుకుంటే లాభం లేదు. మన పెద్దవాళ్లకి గడ్డం గీయించుకున్నాక తల పట్టుకుని రెండు వైపులా విరిపించుకోవడం అలవాటు, హాయిగా ఉంటుందంటారు. అదీ అదే పనే. తల మర్దనా చేయించుకోండి, మెడ మాత్రం ముట్టుకోవద్దని ముందే చెప్పండి.

ఏం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి?

మెడ తిప్పించుకున్న తర్వాత, అదే రోజైనా, కొన్ని రోజులకైనా, ముందెన్నడూ లేని రకం మెడ నొప్పి, తల వెనక నొప్పి, తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం, మూతి వంకర, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం వస్తే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పార్కిన్సన్స్ వల్లే మాట ముద్దగా ఉంటుందిలే అని తెల్లారేదాకా ఆగొద్దు.

అయితే మెడకి ఏం చేయించుకోవచ్చు?

మాత్ర బాగా పనిచేసే వేళ చూసుకుని చేయాలి, ఇది మొదటి సూత్రం. బిగుసుకుపోయిన వేళ లాగితే నొప్పే మిగులుతుంది.

నేను మామూలుగా ఇలా చేస్తాను. మెడ, భుజాల మీద వేడి నీళ్ల సంచి పది పదిహేను నిమిషాలు, పెద్దవాళ్లకి చర్మం పలచన కాబట్టి మధ్యలో తువ్వాలు వేసి. తర్వాత కండరాల మీద నెమ్మదిగా మర్దనా, కీళ్లని చిన్నగా, మనిషి వద్దంటే ఆగిపోయేంత నిదానంగా కదపడం. ఆ తర్వాత ఆయన చేతే చేయించడం, అసలైన వైద్యం ఇదే. గోడకి వీపు ఆనించి నిలబడి తల వెనక భాగం గోడకి తాకించడానికి ప్రయత్నించాలి, గడ్డం పైకి లేపకుండా లోపలికి లాగాలి, ఐదు లెక్కపెట్టి వదలాలి. మొదట్లో చాలామందికి గోడకీ తలకీ మధ్య నాలుగు వేళ్లు దూరతాయి, నెల తర్వాత రెండు వేళ్లయినా కూడా తినేటప్పుడు ముద్ద తేలిగ్గా దిగుతోందని ఇంట్లోవాళ్లే చెప్తారు. భుజాలు వెనక్కి గుండ్రంగా తిప్పడం, తల మెల్లగా కుడికి ఎడమకి, భుజం మీదుగా వెనక్కి చూడటం. కళ్లు తిరిగితే ఆపేయాలి. తల కింద రెండు దిండ్లు పెట్టుకునే అలవాటు ఉంటే ఒకటి తీసేయండి, రాత్రంతా మెడ ముందుకి వంగి ఉంటే పగలు చేసిందంతా పోతుంది. మింగేటప్పుడు దగ్గు వచ్చేవాళ్లకి మాత్రం తల ఎలా పెట్టి తినాలో విడిగా చూపించుకోవాలి.

మెడ ఒక్కటే కాదు, నడక. నడుస్తూ నడుస్తూ గడప దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయేవాళ్లకి, గడపకి ముందు నేల మీద అడుగుకొక గీత చాక్‌పీస్‌తో గీయండి, గీతని దాటమని చెప్పండి. లేదా పక్కన నిలబడి "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అనండి. కదలని కాలు కదులుతుంది. చెయ్యి పట్టుకుని ముందుకి లాగడం మాత్రం వద్దు, పడిపోతారు. రోజూ నడక, గట్టిగా పైకి చదవడం (పేపర్ అయినా సరే, పద్యాలైనా సరే), చేతులు పెద్దగా ఊపడం, ఇవి మాత్రతో పాటు జీవితాంతం ఉండాలి.

కైరోప్రాక్టర్ల దగ్గర కూడా మెడ తిప్పకుండా చేసే నిదానమైన పద్ధతులు ఉన్నాయి. వాటితో మెడ హాయిగా ఉండొచ్చు. మెడ హాయి కోసం అని తెలిసి వెళ్తే సరే, వణుకు పోతుందని ఆశ పెట్టుకుని డబ్బు కట్టొద్దు.

మెడ వైద్యం చేయించేటప్పుడు మాత్రలు ఆపి చూడమన్నారు. ఆపొచ్చా?

వద్దు. సిండోపా లాంటి లెవోడోపా మాత్రలు ఒక్కసారిగా ఆపితే విపరీతమైన జ్వరం, ఒళ్లు కర్రలా బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం, ప్రాణం మీదికి రావడం కూడా జరుగుతుంది. ఆపమన్నవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు, అది ఎంత పేరున్న చోటైనా సరే.

మాత్ర పనిచేయడం లేదనిపిస్తే ముందు తిండి వేళ చూడండి. ప్రోటీన్ లెవోడోపాతో పోటీ పడుతుంది. తిండికి అరగంట నుంచి గంట ముందు నీళ్లతో వేసుకోవాలి, పాలతోనో, పప్పన్నం తిన్న వెంటనేనో వేసుకుంటే సగం పని చేయదు. పొద్దున ఉగ్గాని తినేవాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు, గుడ్డు, మాంసం, పప్పు ఎక్కువ తినే పూటే తేడా తెలుస్తుంది. అలాగని పప్పు మానేయొద్దు, వేళ మార్చుకోండి. కొత్తగా మొదలుపెట్టినప్పుడు వికారంగా ఉంటే కొంచెం బొరుగులో బిస్కెట్టో తిని వేసుకోవచ్చు.

దూలగొండి పొడి వాడితే మెడ వైద్యం, మాత్రలు రెండూ అక్కర్లేదంటున్నారు?

దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. అందుకే మాత్రలతో పాటు ఎవరికీ చెప్పకుండా వాడితే మోతాదు ఎక్కువై ఒళ్లు మెలికలు తిరగడం, లేనివి కనిపించడం, బీపీ పడిపోవడం జరుగుతాయి. పొడి ప్యాకెట్‌లో ఎంత ఉందో ఒక్కో కంపెనీది ఒక్కో రకం. వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, దాచొద్దు.

వెళ్లక తప్పదంటే కైరోప్రాక్టర్‌ని ఏం అడగాలి?

ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు అని మొహమాటం లేకుండా అడగండి. మెడని వేగంగా తిప్పరని ముందే మాట తీసుకోండి. పార్కిన్సన్స్ అని, వాడే మందులన్నీ, ఎముకల బలం పరీక్ష చేయించి ఉంటే ఆ రిపోర్టు, చూపించండి. ఇన్ని సిట్టింగులని ముందే వేలకు వేలు ప్యాకేజీ కట్టమంటే, నయం చేస్తామని గ్యారంటీ ఇస్తే, అక్కడినుంచి లేచి వచ్చేయండి. పార్కిన్సన్స్ నయమవుతుందని ప్రపంచంలో ఏ న్యూరాలజిస్టూ చెప్పడు, అదుపులో పెట్టొచ్చనే చెప్తారు.

మన జిల్లాల వాళ్లు ఎక్కడ చూపించుకోవాలి?

కర్నూలు సర్వజన వైద్యశాలలో న్యూరాలజీ విభాగం ఉంది. అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో ముందు జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకుని పంపించమని అడగండి. తిరుపతి స్విమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, హైదరాబాద్ నిమ్స్ పెద్ద సెంటర్లు, మన దగ్గర నుంచి చాలామంది వెళ్తూనే ఉన్నారు. మాత్రలతో బాగా పనిచేసి, ఏళ్లు గడిచాక మధ్యమధ్యలో ప్రభావం పడిపోతున్నవాళ్లకి మెదడులో తీగలు అమర్చే ఆపరేషన్, డీబీఎస్ అంటారు, ఉపయోగపడొచ్చు. ఖర్చు లక్షల్లో ఉంటుంది, అందరికీ సరిపడదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది. దివ్యాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి న్యూరాలజిస్టు చీటీలు, స్కాన్లు పట్టుకెళ్లండి, మాత్ర ప్రభావం ఉన్నప్పుడూ లేనప్పుడూ తీసిన వీడియోలు కూడా ఫోన్‌లో పెట్టుకోండి. మాత్ర వేసుకుని వెళ్తే క్యాంపులో మనిషి మామూలుగా కనిపించి, ఇంట్లో పడే బాధ అక్కడ ఎవరికీ తెలియకుండా పోతుంది.

నాయన వినడం లేదు. వీడియో చూసి నేను పోవాల్సిందే అని పట్టుబట్టాడు. ఏం చేయాలి?

కొట్లాడొద్దు. మాత్ర వేళకి వేసుకుంటున్నా చెయ్యి అదుపులోకి రాకపోతే, నలుగురిలో కూర్చుని అన్నం కలుపుకోవాలంటే సిగ్గుపడుతుంటే, ఎవరో తగ్గిస్తామన్నప్పుడు ఎవరైనా వెళ్తామనే అంటారు. ఆయనకి నిజంగా ఏం ఇబ్బందిగా ఉందో కూర్చుని అడగండి. చాలాసార్లు "మెడ నొప్పితో రాత్రి నిద్ర పట్టడం లేదు", "పక్కకి తిరగలేకపోతున్నా" అని బయటపడుతుంది, దానికి మన ఊళ్లోనే చేయడానికి చాలా ఉంది. దిండు మార్చడం, పడుకునే ముందు వేడి కాపడం, రాత్రి మాత్ర గురించి డాక్టర్‌ని అడగడం, నున్నటి దుప్పటి వేసి పక్కకి దొర్లడం నేర్పించడం. ఒక నెల ఇవి చేసి చూద్దాం, తర్వాత కూడా పోవాలనిపిస్తే నేనే వెంట వస్తానని చెప్పండి. వెళ్లే రోజు వస్తే నిజంగానే వెంట వెళ్లండి, ఆయన్ని ఒంటరిగా లోపలికి పంపకండి, మెడ వేగంగా తిప్పొద్దని ఆయన ముందే మీరు చెప్పండి, మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లండి.